డెల్ఫియా కాడిల్, రెండక్షరాల తోక

డెల్ఫియా కాడిల్ మా పాదాల డాక్టరు ఆఫీసులో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. అందులో పద్దెనిమిదేళ్లు ఒక్క మనిషి పాదం కూడా కళ్లారా చూడలేదు. చివరి ఏడాది మాత్రం వచ్చిన ప్రతి పాదమూ చూసింది. అలా ఎందుకు మారిందో ఈ లోయలో చాలామందికి తెలియదు. తెలిసిన ముగ్గురిలో నేనొకదాన్ని, మిగతా ఇద్దరూ చెప్పే రకం కాదు.

నా పేరు ఓపల్. వచ్చినవాళ్ల బూట్లు విప్పి, మేజోళ్లు లాగి, గోరువెచ్చని నీళ్లలో పాదాలు నానబెట్టి, తుడిచి, డాక్టరు లైకిన్స్ ముందు కుర్చీలో కూర్చోబెట్టడం నా పని. డెల్ఫియా పని వెనక గదిలో. గోళ్లు కత్తిరించాక ఆ కూలి మెడికేర్ నుంచి, అంటే ముసలివాళ్ల వైద్యానికి డబ్బిచ్చే సర్కారు బీమా నుంచి, రావాలంటే బిల్లు రాసి పంపాలి కదా, అది ఆమె రాసేది. గది తలుపు ఎప్పుడూ జానెడు తెరిచి ఉంచేది. ఆ సందులోంచి కీబోర్డు టకటకా, ఆమె దగ్గూ వినిపించేవి. బొగ్గు గనిలో పనిచేసింది మొగుడైతే దగ్గు ఈమెకెందుకు వచ్చిందని నేను వేళాకోళం చేసేదాన్ని. "ముప్పై ఏళ్లు వాడి బట్టలు ఉతికానే, దుమ్ము ఊరికే పోతుందా?" అనేది. ఆ మొగుడు వెర్లిన్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు నింపుకుని యాభై ఎనిమిదో ఏట పోయాడు.

పాదాలంటే ఆమెకు కడుపులో తిప్పేది. అయినా ఎవరి కాలు ఎంతవరకు చెడిందో ఆమెకు తెలిసినంత వాళ్ల పెళ్లాలకి కూడా తెలియదు. అన్నీ అక్షరాల్లో తెలుసు.

నేను చేరిన మొదటి వారంలోనే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. మామూలుగా గోళ్లు తీసినందుకు మెడికేర్ డబ్బివ్వదు, నీ గోళ్లు నువ్వే తీసుకో అంటుంది. ఏ చక్కెర జబ్బో, రక్తం ఆడని కాళ్లో ఉండి, సొంతంగా కత్తి పెట్టుకుంటే ప్రమాదమని డాక్టరు పరీక్ష చేసి రాస్తేనే ఇస్తుంది. డాక్టరు రాసిన ఆ గుర్తులన్నిటినీ రెండక్షరాల్లోకి కుదించి బిల్లు చివర తగిలించాలి. దాని అసలు పేరు మాడిఫయర్. మా ఆఫీసులో మాత్రం తోక అనేవాళ్లం. డెల్ఫియాని తోకలమ్మ అనేవాళ్లం.

"చూడు ఓపల్, తోకలు మూడే. క్యూ తొమ్మిది, క్యూ ఎనిమిది, క్యూ ఏడు. తొమ్మిదంటే కాలు మూలుగుతోందని. మంటా, వాపూ, చల్లబడ్డం లాంటివి రెండు, వాటితోపాటు గట్టి గుర్తొకటి ఉండాలి. ఎనిమిదంటే గట్టి గుర్తులే రెండు. పాదం మీదా నాడి లేదు, చీలమండ దగ్గరా నాడి లేదు, అలాంటివన్నమాట."

"మరి ఏడు?"

"ఏడుకి ఇంకేం వెతకక్కర్లేదు. పాదం కోసేశారు. అంకె తగ్గేకొద్దీ మనిషి తగ్గుతాడు. ఇంతకు మించి ఇందులో తిరకాసేం లేదే."

ఆమె బల్ల అద్దం కింద చేత్తో రాసుకున్న కాగితం ఒకటి ఉండేది. పైన ఈ తోకల సంగతి, కింద జబ్బుల జాబితా. కొన్ని జబ్బుల పక్కన ఎర్ర సిరాతో చుక్క. చుక్క ఉన్న జబ్బు పేరు మీద బిల్లు పంపితే, ఆ జబ్బు చూసే డాక్టరు దగ్గరికి మనిషి ఆరు నెలల లోపు వెళ్లిన తేదీ కూడా రాయాలి. చుక్క లేని జబ్బుకి ఆ తేదీ అక్కర్లేదు. చక్కెర జబ్బుకి చుక్క ఉంది. కాళ్లలో రక్తనాళాలు పూడుకుపోయే జబ్బుకి చుక్క లేదు. ఈ చుక్క సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆమె ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. మా దగ్గరికి రాకముందు నది అవతల వేరే పాదాల డాక్టరు దగ్గర పనిచేసింది. ఆ మహానుభావుడు వచ్చినవాడికీ రానివాడికీ అందరికీ క్యూ ఎనిమిది తగిలించమనేవాడు. ఈమె చెప్పినట్టే తగిలించింది. ఒకరోజు తనిఖీవాళ్లు వచ్చి ఫైళ్లు పెట్టెల్లో సర్దుకుపోయారు. ముసలివాళ్ల ఆశ్రమంలో రెండు పాదాలూ లేని మనిషికి మూడేళ్లపాటు పది గోళ్లు తీసినట్టు బిల్లులున్నాయి. అన్నీ డెల్ఫియా కొట్టినవే. మూడు రోజులు కూర్చోబెట్టి అడిగారు. డాక్టరు జైలుకి పోయాడు, ఈమెని వదిలేశారు. కానీ పేపర్లో పేరు పడింది. చర్చిలో ఆదివారం బడి పిల్లల హాజరు పుస్తకం అప్పటిదాకా ఈమె చేతిలో ఉండేది, నోరెత్తి ఎవరూ ఏమీ అనకుండానే అది ఇంకొకరి చేతికి పోయింది. ఆ మూడు రోజులకంటే ఆ పుస్తకమే తనని ఎక్కువ కోసిందని ఒకసారి నాతో అంది.

పాలకు మూతి కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు. డెల్ఫియా మంచినీళ్లు కూడా ఊదుకుని తాగింది. డాక్టరు రాయని గుర్తు ఆమె చస్తే తగిలించదు. డాక్టరు రాత అర్థం కాకపోతే ఫైలు పట్టుకుని నన్ను పంపేది. "నాడి అందిందా, అందలేదా? ఏదో ఒకటి రాయమను. 'బహుశా'కి తోక లేదని చెప్పు" అనేది. ఆమె ఉన్నన్నాళ్లూ తప్పుడు బిల్లు ఒక్కటి కూడా పోలేదు. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను, తర్వాత జరిగినదానికి ఆ గర్వం చేదుగానే ఉన్నా.

ఇక హోబర్ట్ ఫ్యూగేట్ గురించి చెప్పాలి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. వెర్లిన్‌తో ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పాతికేళ్లు దిగాడు. గని మూతపడ్డాక గుర్రాలకీ కంచరగాడిదలకీ గిట్టలు చెక్కి నాడాలు కొట్టేవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఊరంతటికీ హోబర్ట్ బాబాయ్. చక్కెర జబ్బు వచ్చి పన్నెండేళ్లయింది, పాదాల్లో స్పర్శ పోయి ఐదేళ్లు. మేకు గుచ్చుకున్నా తెలియదు. మెడికేర్ అరవై రోజులకొకసారి గోళ్లు తీయనిస్తుంది కనక, శవపేటికల దుకాణంవాళ్లు పంచే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని అరవై ఒకటో రోజున సరిగ్గా దిగేవాడు. వచ్చేటప్పుడు డెల్ఫియా కోసం దారానికి గుచ్చి ఎండబెట్టిన చిక్కుడుకాయల దండో, సీసాడు జొన్నకర్రల బెల్లప్పాకమో తెచ్చేవాడు. కుర్చీలోంచే వెనక గదివైపు కేకేసేవాడు.

"తోకలమ్మా! ఈసారి నా కాలికేం తోక పెడుతున్నావ్?"

"ఎనిమిది, బాబాయ్."

"అదేంటి, పోయినసారి తొమ్మిదేగా?"

"దిగావు మరి. డాక్టరుగారు రాశారు, నాడి లేదట."

"నాడి లేకుండానే ఇంత దూరం నడిచొచ్చానా! మరి మీ డాక్టరుకి చెవుడేమో చూడండి."

నవ్వేవాళ్లం. ఆ నవ్విన రోజునే డాక్టరు లైకిన్స్ హోబర్ట్ ఫైల్లో కొత్త జబ్బొకటి రాశాడు, కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయాయని. జబ్బుల వరసలో నాలుగోది. డెల్ఫియా తోక మార్చింది. బిల్లు తలమీద ఉన్న జబ్బు, అంటే ఏ జబ్బు పేరు మీద డబ్బడుగుతామో అది మాత్రం మొదటినుంచీ ఉన్న చక్కెర జబ్బే, అలాగే ఉంచేసింది. పని సాగుతూనే ఉంది, డబ్బు వస్తూనే ఉంది. వచ్చేదాన్ని కదిపి చూసేదెవరు?

రెండేళ్ల తర్వాత అక్టోబరు నెల, మంగళవారం. ఆ ఉదయం డెల్ఫియా ఎవరిదో అంత్యక్రియలకి వెళ్లి పదకొండింటికి వచ్చింది. మామూలుగా రోగి గుమ్మం తొక్కకముందే కాగితాలన్నీ సరిచూసేది. ఆ రోజు హోబర్ట్ ముందే వచ్చాడు, నేను ఆయన బూట్లు విప్పేశాను, పాదాలు నీళ్లలో పెట్టేశాను. ఎడమ పాదం తుడవడం అయింది, కుడిది నా ఒళ్లో తువ్వాలు మీద ఉంది. వేళ్ల చివర చర్మం పల్చగా నిగనిగలాడుతోంది, గోళ్లు పసుపుపచ్చగా పెంకుల్లా మందంగా పెరిగి ఉన్నాయి. అప్పుడు వెనక గది తలుపు సందులోంచి డెల్ఫియా గొంతు వినపడింది.

"ఓపల్, ఆగు. హోబర్ట్ బాబాయ్‌కి తేదీ దాటిపోయింది."

చక్కెర జబ్బు చూసే డాక్టరు దగ్గరికి ఆయన చివరిసారి వెళ్లింది ఏప్రిల్ మూడున. ఆ డాక్టరు ముసలివాడై వేసవిలో ఆఫీసు మూసేశాడు. పక్క జిల్లాలో కొత్తాయన డిసెంబరులో రమ్మన్నాడు. ఆరు నెలలు దాటి పదకొండు రోజులైంది.

"పదకొండు రోజులకేమవుతుందే పిల్లా?" అన్నాడు హోబర్ట్.

"నాకేం కాదు బాబాయ్. బిల్లు పోదు. నేను తేదీ మార్చి రాయలేను."

"మార్చమన్నానా? డబ్బు నేనిస్తా. ఎంత?"

"అరవై. కానీ మెడికేర్ ఇవ్వకపోతే ఈ ఖర్చు నాదేనని కాగితం మీద సంతకం పెట్టాలి. అది డాక్టరుగారి నియమం, సంతకం లేకుండా డబ్బు తీసుకోకూడదు."

హోబర్ట్ ముఖంలో నవ్వు పోయింది. మా వైపు సగం ఇళ్లలో ఉన్న కథే ఆయన ఇంట్లోనూ ఉంది. వాళ్ల తాతకి చదువు రాదు. కంపెనీవాడు కాగితం పట్టుకొస్తే ఇంటూ గుర్తు పెట్టాడు. కొండమీది భూమి నీదే, లోపలి బొగ్గే మాది అన్నారు. బొగ్గు కావాలంటే పైనున్నదంతా తోసెయ్యొచ్చని అందులోనే ఉంది. హోబర్ట్‌కి పదేళ్లప్పుడు ఇంటి వెనకున్న కొండనీ, వాళ్ల మొక్కజొన్న చేనునీ, మేనత్త సమాధినీ యంత్రాలు తోసేశాయి. అప్పటినుంచి ఫ్యూగేట్ల ఇంట్లో ఎవరూ కాగితం మీద సంతకం పెట్టరు. పెళ్లికి తప్పలేదు కాబట్టి పెట్టానని చెప్పేవాడు.

చొక్కా జేబులోంచి మూడు ఇరవైలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇదిగో డబ్బు. కాగితం మాత్రం వద్దు."

"కాగితం లేకుండా నేను తీసుకోలేను, బాబాయ్."

"నీ మొగుడు, నేను గనిలో కప్పు కూలినప్పుడు ఒకే సీసాలో నీళ్లు తాగాం. నా మాట చాలదా నీకు?"

"నీ మాట నాకు చాలు. వాళ్లకి చాలదు." తలుపు సందు మాత్రం జానెడు దాటి తెరుచుకోలేదు. "డిసెంబరులో ఆ డాక్టరుని చూసి, మర్నాడే వచ్చెయ్. ఆ రోజే తీయిస్తా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చిన మనిషి పాదాలు కడిగి, తుడిచి, గోళ్లు మెత్తబడ్డాక ఆయన్ని వెనక్కి పంపడమేమిటి? నోరు తెరిచి ఒక్కమాట అనొచ్చు. లోపల డాక్టరు లైకిన్స్ ఉన్నాడు, వెళ్లి చెప్పొచ్చు. చెప్పలేదు. డెల్ఫియా తోకల విషయంలో తప్పు చెయ్యదని నాకు ఎంత నమ్మకమో, ఆమెతో పేచీ పెట్టుకోవాలంటే అంత బద్ధకం. నీళ్ల గిన్నె పక్కన పడి తడిసిన మేజోడే మళ్లీ తొడిగాను. కుడి పాదానికి సగం ఎక్కి ఆగిపోతే ఆయనే వంగి లాక్కున్నాడు.

వెళ్తూ చిక్కుడుకాయల దండ బల్లమీద పెట్టాడు. "ఇది తీసుకోడానికి కూడా సంతకం కావాలా?" అన్నాడు. ఎవరం నవ్వలేదు.

డిసెంబరుదాకా ఆగలేదు. ఆగుతాడని ఎలా అనుకున్నామో! ఏళ్ల తరబడి గిట్టలు చెక్కిన చేతులు. గుర్రం గిట్ట కత్తిరించే పెద్ద కత్తెర ఇంట్లోనే ఉంది. గుర్రం కంటే నా గోరు గట్టిదా అనుకున్నాడట. నవంబరు మొదటివారంలో వెలుతురు కోసం వరండాలో కూర్చుని రెండు కాళ్ల గోళ్లూ తనే తీసుకున్నాడు. ఎడమది బాగానే వచ్చింది. కుడి బొటనవేలి దగ్గర గోరుతోపాటు కండ కూడా పోయింది. స్పర్శ లేదు కదా, నొప్పి తెలియలేదు. రక్తం చూశాక గుడ్డ చుట్టాడు. రక్తం ఆడని కాలికి దెబ్బ తగిలితే మానేదెక్కడ? పక్కింటివాళ్లు వాసన పట్టి వచ్చి చూసేసరికి వేలు నల్లబడింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మొదట వేలన్నారు, తర్వాత పాదమన్నారు, చివరికి మోకాలి కింద తీసేశారు.

తీసే ముందు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలన్నారట. పెట్టాడు. పెళ్లి తర్వాత ఆయన పెట్టిన సంతకం అదొక్కటే.

కబురు మా ఆఫీసుకి క్రిస్మస్ ముందు తెలిసింది. ఆ సాయంత్రం వెళ్లేటప్పుడు డెల్ఫియా కోటు వేసుకుంటూ, "నేను రూలు ప్రకారమే చేశాను కదే ఓపల్?" అని అడిగింది. "రూలు ప్రకారమే" అన్నాను. ఇద్దరమూ ఆ మాట పట్టుకుని మూడు నెలలు గడిపాం.

మార్చిలో హోబర్ట్ మళ్లీ వస్తున్నాడని కాగితం వచ్చింది. ఉన్న ఒక్క పాదాన్నైనా కాపాడుకోవాలని పెద్దాసుపత్రివాళ్లు పంపారు. ముందు రోజు డెల్ఫియా ఫైలు తెరిచింది. డాక్టరుని చూసిన తేదీ వెతుకుతూ జబ్బుల వరస మీద వేలు పెట్టి చదువుకుంటోంది. నేను తువ్వాళ్లు మడతపెడుతున్నాను. కీబోర్డు చప్పుడు ఆగింది.

"ఓపల్, ఇలా రా. ఇది చదువు."

నాలుగో జబ్బు చూపించింది. తర్వాత అద్దం కింది కాగితం మీద అదే జబ్బు పేరు చూపించింది. దాని పక్కన ఎర్ర చుక్క లేదు.

నాకు అర్థం కావడానికి కాస్త పట్టింది. రెండేళ్ల కిందట డాక్టరు రాసిన ఆ జబ్బుని బిల్లు తలమీద పెట్టి, క్యూ ఎనిమిది తోకే ఉంచి పంపితే సరిపోయేది. అబద్ధం అక్కర్లేదు, తేదీ అక్కర్లేదు, అరవై డాలర్లు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఆ అక్టోబరు మంగళవారం ఆయన కుర్చీలో కూర్చునుండగానే గోళ్లు తీసి పంపించి ఉండొచ్చు. నిజాయితీగానే.

"తోక మార్చాను, తల మార్చలేదు" అంది డెల్ఫియా. "ఏడేళ్ల కిందట మొదటి బిల్లు ఎలా కొట్టానో అలాగే కొట్టుకుంటూ పోయాను. ఈ కాగితం నేనే రాసుకున్నానే ఓపల్. ఈ చుక్కలు నేనే పెట్టుకున్నాను."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. లేచి డాక్టరు లైకిన్స్ గదికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి, బిల్లుల జోలికి పోడు. అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నువ్వు రూలు ప్రకారమే చేశావు డెల్ఫియా. దీన్ని మనసులో పెట్టుకోకు" అన్నాడు.

"లేదు డాక్టరుగారూ. సగం రూలు ప్రకారం చేశాను. వద్దనే సగం నాకు కంఠతా వచ్చు. ఇవ్వమనే సగం చూడనేలేదు."

"ఆయనకి చెప్పకు. చెబితే కాలు తిరిగి రాదు."

ఆ ఒక్క మాట మాత్రం ఆమె వినలేదు. వినుంటే బాగుండేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడు హోబర్ట్‌ని చక్రాల కుర్చీలో పక్కింటివాళ్లు దించి వెళ్లారు. మనిషి సగమయ్యాడు. చేతిలో దండా లేదు, సీసా లేదు. కేకా వేయలేదు. కుడి ప్యాంటు కాలు మడిచి పిన్నీసుతో గుచ్చి ఉంది. నేను ఎడమ బూటు విప్పుతుంటే వెనక గది తలుపు బార్లా తెరుచుకుంది. డెల్ఫియా బయటికొచ్చింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. వచ్చి నా పక్కన నేలమీద కూర్చుని ఆ ఎడమ పాదం చూసింది, తర్వాత ఆ పిన్నీసు చూసింది.

"బాబాయ్, అక్టోబరులో నీకు ఆ కాగితం అక్కర్లేదు" అంది. "సంతకం లేకుండానే తీయించొచ్చు. నీ ఫైల్లో ఇంకో జబ్బుంది, దాని పేరు మీద పంపితే తేదీ అడగరు. నేను చూడలేదు."

హోబర్ట్ ఆమె వైపు చూశాడు. "తెలిసి చేశావా?"

"లేదు."

"ఎవరైనా చెప్పమన్నారా నాకు?"

"వద్దన్నారు."

నీళ్ల గిన్నె నా చేతిలో బరువెక్కింది.

"అయితే ఎందుకు చెప్పావే తల్లీ?" అన్నాడు చివరికి. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "ఇన్నాళ్లూ ఆ కత్తెరనీ, నా మొండితనాన్నీ తిట్టుకుంటూ రోజు గడుపుతున్నాను. మా తాతనీ తిట్టుకున్నాను, పాపం. అది నాకు అలవాటైంది. ఇప్పుడు నిన్ను తిట్టుకోవాలా? వెర్లిన్ పెళ్లాన్నా? ఈ వయసులో నాకది చేతకాదు."

డెల్ఫియా తల వంచుకుంది. "తిట్టు బాబాయ్" అంది.

"చేతకాదంటున్నానా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఓపల్, కానియ్. నీళ్లు చల్లారిపోతున్నాయ్."

పాదం కడిగాను. డాక్టరు వచ్చి పాదం మీదా, చీలమండ దగ్గరా వేళ్లు పెట్టి చూసి, గోళ్లు తీసి, రాసి ఇచ్చి వెళ్లాడు. క్యూ ఏడుకి ఒక షరతుంది. పాదం ప్రమాదంలో తెగింది కాకూడదు, జబ్బు వల్ల తీసేసింది అయ్యుండాలి. డాక్టరు 'జబ్బు వల్ల' అని రాశాడు. కత్తెర వల్ల కాదు, జబ్బు వల్లే, నిజమే. మా వల్ల అని రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

డెల్ఫియా తన గదిలోకి వెళ్లింది. తలుపు వేయలేదు. నాకు తెర కనిపిస్తూనే ఉంది. కంప్యూటరు అలవాటు ప్రకారం హోబర్ట్ పాత బిల్లు ముందుకు తెచ్చింది. తలమీద చక్కెర జబ్బు. ఆమె అది తీసి రక్తనాళాల జబ్బు పెట్టింది. తీసిన గోళ్ల దగ్గర 'ఆరు, అంతకు పైన' అని ఉంది, పది గోళ్ల మనిషికి ఎప్పుడూ పెట్టేది అదే. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. కుర్చీలో ఉన్న పాదం వైపు ఒకసారి చూసింది. వేళ్లు లెక్కపెట్టింది, లెక్కపెట్టాల్సిన పని లేకపోయినా. అది కొట్టేసి 'ఐదు వరకు' అని పెట్టింది.

"ఏం తోక పెట్టావ్?" అన్నాడు హోబర్ట్ కుర్చీలోంచి. గొంతు పెంచలేదు, తోకలమ్మా అనలేదు.

"ఏడు, బాబాయ్."

"ఇంకా కిందికి ఉందా?"

"లేదు. ఇదే ఆఖరిది."

"సరే" అన్నాడాయన. నేను ఎడమ కాలికి పొడి మేజోడు తొడిగాను, మడమ దాకా సరిగ్గా లాగాను.

ఆ తర్వాత ఏడాదిపాటు డెల్ఫియా ప్రతి రోగి దగ్గరికీ వచ్చి, పాదం చూసి, ఫైల్లో ఉన్న ప్రతి జబ్బూ చదివి గానీ బిల్లు కొట్టలేదు. తేదీ దాటిన ముగ్గురిని వెనక్కి పంపకుండా ఆపింది. ఆ ముగ్గురికీ ఎందుకు ఆపిందో తెలియదు. ఏడాది కాగానే మానేసింది. హోబర్ట్ ఇప్పటికీ అరవై ఒకటో రోజున వస్తాడు. ఈ చుట్టుపక్కల ఇంకో పాదాల డాక్టరు లేడు.

ఆ క్యూ ఏడు బిల్లు పదమూడో రోజున పాసయింది. తేదీ అడగలేదు, సంతకం అడగలేదు.